చిరిమాయ పొయ్యి కింద కాలువ

చిరిమాయ వదినకి కోపం వచ్చిందో లేదో తెలుసుకోవడానికి మా ఇకాహిటి పేటలో ఎవరూ ఆవిడ మొహం చూడక్కర్లేదు. పెనం మీద అట్లకాడ చప్పుడు వింటే చాలు. మామూలు రోజున తాపీగా టక్కుటక్కుమంటుంది. కోపం వచ్చిన రోజున పెనమేదో తప్పు చేసినట్టు దాన్ని వాయించేస్తుంది. నా దర్జీ కొట్టు ఆవిడ బారాల కొట్టుకి సరిగ్గా ఎదురుగా ఉంది కాబట్టి ఈ చప్పుళ్ల తేడా నాకు తెలిసినంత బాగా పాటన్‌లో ఇంకెవరికీ తెలియదు. కావాలంటే పందెం కాస్తాను.

బారా అంటే నల్ల మినుములు నానబోసి, పొట్టు పోయేదాకా కడిగి, అల్లం, పచ్చిమిర్చి దట్టించి రుబ్బి, అరచేతి వెడల్పున పెనం మీద తట్టేది. అందరూ చేస్తారు. అందరివీ తింటాం. వదినది తిన్నాక మాత్రం మిగతావాళ్ల మీద జాలి పుడుతుంది. పైన గుడ్డు కొట్టి పొయ్యమంటే పోస్తుంది గానీ, అడిగినవాణ్ణి ఆ పూటంతా చిన్నచూపు చూస్తుంది.

ఆవిడ ఖోకనా ఆడపడుచు. కొత్త కోడలిగా వచ్చిన రోజున ఆ ఊరి ఆవనూనె వాసన కూడా వెంటబెట్టుకుని వచ్చిందని మా అమ్మ చెప్పేది. ఆవిడ మొగుడు పూర్ణలాల్ అన్న నోట్లో నాలుక లేని మనిషి. ఆయన మాట్లాడాల్సిన మాటలు కూడా పెళ్లయిన మర్నాటి నుంచీ వదినే మాట్లాడేస్తోంది. పొలం ఉన్నన్నాళ్లూ ఆయన పొలానికెళ్లాడు. ఊరు పెరిగి పెరిగి ఆ పొలం మీద అయిదంతస్తుల ఇళ్లు లేచాక డోలు ముందేసుకుని కూర్చున్నాడు. అప్పట్నుంచీ ఇల్లు నడిచింది పెనం మీదే.

మినుములు కడగడమంటే నీళ్లతో పని. ఆ నీళ్లు హిటివి. కొట్టు పక్కనే మెట్లు దిగి వెళ్తే నేలకడుపులో చిన్న రాతి లోగిలి, గోడకి మూడు మకరాలు, వాటి నోళ్లలోంచి రాత్రీ పగలూ నీళ్లు, అదే హిటి. చలికాలం వెచ్చగా, ఎండాకాలం చల్లగా ఉండేవి. పేటలో ఎవరి పెళ్లి కుదిరిందీ, ఎవరి కోడలు అలిగిందీ ముందు అక్కడే తెలిసేది. ఆ తర్వాత పై వీధిలో బోర్లు దిగాయి, లోతు పునాదులు దిగాయి, కొలనులు పూడ్చి చదును చేశారు. ఫలానావాడి తప్పని వేలు పెట్టి చూపడానికి లేదు. ధార సన్నబడింది, చుక్కయింది, ఆగిపోయింది. మకరాలు నోళ్లు తెరుచుకుని అలాగే ఉన్నాయి. మేము ట్యాంకరు వెనక బిందెలు పట్టుకుని పరుగెత్తడం నేర్చుకున్నాం.

వదిన మాత్రం నోరు మూసుకోలేదు. వార్డు సభ్యుడొస్తే, "బారా తర్వాత, హిటి సంగతేంటి?" అనేది. ఓట్లకొచ్చినవాణ్ణి అడిగింది. మీటరు చూడటానికొచ్చినవాణ్ణి అడిగింది. దారి తప్పి వచ్చిన తెల్లదొరసానిని కూడా మా భాషలోనే అడిగింది. ఆవిడ పాపం బారా ధర అనుకుని డబ్బు తీసి చూపించింది. మూడు ఆఫీసులవాళ్లూ మూడు రకాలుగా జవాబు చెప్పేవారు. హిటి రాళ్లు పురాతన కట్టడాల వాళ్లవట, అందులో నీళ్లు నీళ్లశాఖ వాళ్లవట, పైన వీధి పురపాలకులదట. నీళ్లు రాకపోవడం ఒక్కటే మాది.

ఇక్కడ తీర్థమాయ గురించి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఆవిడ పూర్ణన్న తమ్ముడి భార్య, అంటే వదినకి తోడికోడలు. మామగారు పోయాక అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నారు. మా దగ్గర ఇల్లు పంచుకోవడమంటే గదులు పంచుకోవడం కాదు. కింద నేల నుంచి పైన పెంకుల దాకా నిలువునా చీల్చి చెరో ముక్కా తీసుకోవడం. ఆ చీలికలో వీధి మూలన ఇంటిని ఆనుకుని కట్టిన కొట్టుగది వదిన వైపు పడింది. ఇల్లంతటికీ ఉన్న ఒకే ఒక మెట్ల వరస తీర్థమాయ వైపు పడింది.

"మేము వేరే మెట్లు కట్టుకునేదాకా నీ మెట్లు వాడుకోనివ్వవే," అంది వదిన.

"కొట్టు మీకొచ్చింది, మెట్లు మాకొచ్చాయి. కొట్టులో నేను కూర్చుంటానన్నానా అక్కా?" అంది తీర్థమాయ.

అంతే. వదిన గోడకి నిచ్చెన వేసుకుంది. తర్వాత వాళ్లూ మెట్లు కట్టుకున్నారు, నిచ్చెన పొయ్యిలోకి పోయింది, మాటలు మాత్రం తిరిగి రాలేదు. ఒకరు దగ్గితే ఇంకొకరికి వినపడేంత పలచటి గోడకి అటొకరు, ఇటొకరు, ఇరవై ఏళ్లకి పైగా అలాగే ఉండిపోయారు.

ఈ యుద్ధంలో నాకూ ఒక ఉద్యోగం దొరికింది. పొద్దున్నే వదిన దగ్గర నాలుగు బారాలు తీసుకుంటాను. వేడివేడిగా దిగిన మొదటి రెండూ అక్కడే నేను తినేస్తాను. మిగతా రెండూ ఆకులో చుట్టి వెనక సందులోకి వెళ్తే తీర్థమాయ పై కిటికీలోంచి తాడు కట్టిన బుట్ట దింపుతుంది. "మీ వదినకి తెలిస్తే నీ కాళ్లు విరగ్గొడతాను కాజీ," అని మొదటి రోజే హెచ్చరించింది. పౌరుషం పౌరుషమే, బారా బారాయే.

నాకు ఒళ్లు మండే సంగతి ఇంకొకటుంది. నా నాలుగింటిలో మొదటి రెండూ అందరికీ వేసే పెద్ద గిన్నెలోంచే వేసేది. చివరి రెండూ మాత్రం పక్కన మూత పెట్టిన చిన్న గిన్నెలోంచి తీసి తట్టేది.

"ఏం వదినా, నాకెప్పుడూ అడుగుపిండేనా?"

"నీకది చాల్లే మరిదీ. ఆ పొట్టేంటి, ఆ తిండేంటి!"

పొట్ట నాదే అయినా తిండి నాది కాదని చెప్పడానికి లేదు. నోరు మూసుకుని తీసుకుపోయేవాణ్ణి.

ఇలా ఉండగా ఉపాసన వచ్చింది. పూర్తి పేరు ఉపాసన అవాలే. మా పాటన్ పిల్లే, కాకపోతే అవతలి పేట. పట్టణాలు ఎలా పెరగాలో చదువుకొచ్చింది. పాత పేటల్లో వాననీళ్లు నిలబెట్టి హిటీలు మళ్లీ పారించే పని ఆ అమ్మాయికి అప్పజెప్పారు. ఇంటి కప్పుల మీద పడ్డ వాన బడి వెనకున్న పాత కొలనులోకి పోవాలి, కొలనులోంచి భూమిలోని పాత ఇటుక కాలువ గుండా హిటికి రావాలి. మూడు ఆఫీసుల వాళ్లనీ ఒక గదిలో కూర్చోబెట్టింది, అదే పెద్ద విడ్డూరం. మమ్మల్ని కూడా కూర్చోబెట్టింది. అక్కడే బోల్తా పడింది.

అందరూ సమానమే కదా అని కుర్చీలు గుండ్రంగా వేయించింది. పేటకంతటికీ పెద్దాయన, మా థకాలీ బేఖారత్న తాతకి, గుమ్మం పక్కన, నిరుడు కాపురానికొచ్చిన ఒక కోడలి పక్కన కుర్చీ దొరికింది. ఆయన కర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని పైకప్పు చూస్తూ కూర్చున్నాడు. థకాలీ నోరు విప్పకుండా మావాళ్లు తుమ్మను కూడా తుమ్మరు. ఉపాసన రంగు కాగితాలు పంచింది, బొమ్మలు చూపించింది, "ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని మూడు వైపులా తిరిగి అడిగింది. బిస్కెట్లు నమిలిన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అందరూ ఒప్పుకున్నారని మురిసిపోతూ వెళ్లింది. వారం తిరక్కుండా పలుగులు పట్టుకుని మనుషులొస్తే, పేట పేటంతా అడ్డం పడింది.

"మమ్మల్నెవరడిగారు?"

"మీటింగులో అడిగాను కదండీ! ఒక్కరు కూడా కాదనలేదు!"

"అవునని మాత్రం ఎవరన్నారు?"

ఆ పిల్ల కళ్లనీళ్ల పర్యంతమైంది. వదిన చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి కొట్టులో కూర్చోబెట్టి రెండు బారాలు ముందు పెట్టింది.

"ముందు తిను. ఏడుస్తూ తింటే ఉప్పు ఎక్కువవుతుంది, మొహం తుడుచుకుని తిను. నువ్వూ మాలో పిల్లవే కదే, మీ ఇంట్లో భోజనాల బంతి గుండ్రంగా వేస్తారా?"

ఉపాసన నోట్లో ముక్క అలాగే పెట్టుకుని నుదురు కొట్టుకుంది. "మా ఇంట్లో తాతయ్య తర్వాతే ఎవరైనా కూర్చునేది అత్తా. ఆఫీసు కుర్చీలు చూడగానే అదంతా మర్చిపోయాను."

ఈసారి పేట మధ్య లోగిట్లో గడ్డిచాపలు పరిచారు. వయసు ప్రకారం వరస, మొదట్లో థకాలీ. ఆయన గొంతు సవరించుకుని, "నీళ్లు కావాలి," అన్నాడు. ఇక చూడండి, సాయంత్రం దాకా మమ్మల్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. కప్పు నీళ్లు మా గొట్టంలోంచి ముందు పోవాలంటే మా గొట్టంలోంచని ఇద్దరు కొట్టుకున్నంత పని చేశారు. వదిన మాత్రం వరసలో లేదు. బంతి ఎక్కడ వేసినా ఆవిడ పొయ్యి దగ్గరే ఉంటుంది. వీధి వైపు నుంచి బారాలు తిప్పుతూనే కేకలేసి అందరికంటే ఎక్కువ మాట్లాడింది.

పాత కాలువ ఎటు పోయిందో తెలుసుకోవడానికి కొలను దగ్గర్నుంచి అక్కడక్కడా గుంటలు తవ్వుతూ వచ్చారు. ప్రతి గుంటలోనూ నల్లమట్టి, దాని కింద పాత ఇటుక. కాలువ తగిలినప్పుడల్లా మేము ఈలలు వేశాం. తవ్వేవాళ్లకి వదిన ఊరికే బారాలు పెట్టింది. ఆవిడ అంతమందికి ఊరికే పెట్టడం అదే మొదలు. గుంటలు వీధి వెంట దగ్గరికొచ్చాయి. చివరి గుంట కొట్టు గోడ పక్కన పడింది. కాలువ తిన్నగా ఆ గోడ కిందికి దూరింది. గోడ అవతల హిటి వైపు తవ్వితే అక్కడ బయటికొచ్చింది. మధ్యలో ఉన్నది వదిన పొయ్యి.

ఈలలు ఆగిపోయాయి. అట్లకాడ కూడా ఆగింది.

"కాలువ మీద గది ఉండటానికి లేదత్తా," అంది ఉపాసన. "పైగా అది మలుపు. పూడికంతా అక్కడే చేరుతుంది. ఏడాదికోసారి మనిషి దిగి తీయడానికి నోరు అక్కడే వదలాలి."

వదిన అందర్నీ ఒకసారి చూసింది. "హిటి ఎండిపోయి ఇన్నేళ్లయింది," అంది. "ఎవరైనా చచ్చారా?"

ఇన్నేళ్లు మా చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరిన మనిషి అన్న మాట అది. నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత కోపమొచ్చింది. తర్వాత అరుగు మీద డోలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పూర్ణన్న మొహం చూశాక రెండూ పోయాయి. పొలం ఊరి కిందికి పోయింది. ఈ గదీ పోతే ఆ ఇద్దరికీ ఇంక పెనం పెట్టుకోవడానికి చోటు లేదు.

ఆ చలికాలమంతా పని ఆగింది. వదిన మా మీటింగులకి బారాలు పంపడం మానేసింది. "నా పొయ్యి ఎలా ఆర్పాలో మాట్లాడుకుంటారు, నేను మీకు పలహారం పంపాలా?" అంది. అందులో తప్పేముంది? మావాళ్లకేమో ఆవిడ మొహం చూడటానికి జంకు. జంకు వచ్చినప్పుడు మావాళ్లకి ఎక్కడలేని మర్యాదా వస్తుంది. ఎప్పుడూ "ఏయ్ ముసలీ, రెండు పడెయ్" అనే పాలవాడు ఒకరోజు వచ్చి, "అమ్మగారూ, తమకి వీలైతే రెండు బారాలు ఇప్పిస్తారా?" అన్నాడు. వదిన బెదిరిపోయింది.

"కాజీ, నిజం చెప్పు. నాకేమైనా మాయరోగం వచ్చిందని డాక్టరు మీకు గానీ చెప్పాడా? ప్రతి వెధవా అండీ, గారూ అని చస్తున్నాడేంటి?"

మాఘమాసంలో మళ్లీ బంతి కూర్చుంది. థకాలీ కర్ర నేలకి తాటించాడు. "చిరిమాయ పొయ్యి ఆర్పి తెచ్చిన నీళ్లు నా గొంతు దిగవు. ఇంకో దారి చూడు తల్లీ."

"చూశాను తాతయ్యా," అంది ఉపాసన. "ఒకటుంది. కొట్టుకి ముందే కాలువని పక్కకి తిప్పి, పక్కింటి కింది గదిలోంచి తీసుకెళ్లి హిటికి కలపొచ్చు. వాలు తగ్గుతుంది, పూడిక ఎక్కువ పడుతుంది, అయినా పారుతుంది. కాకపోతే అక్కడ మెట్లున్నాయి. ఆ గది కాలువకి వదిలేసి, అవి తీసెయ్యాలి."

పక్కిల్లు తీర్థమాయది. మెట్లంటే ఆ మెట్లే. బంతిలో ఉన్న తలకాయలన్నీ ఒక్కసారిగా అటు తిరిగాయి. తీర్థమాయ కొంగు చివర వేలికి చుట్టుకుని, విప్పింది.

"తీసెయ్యండి," అంది. "మెట్లే కదా."

నా చెవుల్ని నేను నమ్మలేదు. ఆవిడ భర్తా నమ్మలేదు. "మరి మనం పైకెలా ఎక్కడం?" అన్నాడు. "నిచ్చెనుంది లోకంలో," అందావిడ.

మర్నాడు వదిన కొట్టు తలుపు తీసేసరికి వీధిలో సున్నం గీత ఉంది. కొలను దిక్కు నుంచి తిన్నగా వచ్చి, కొట్టు దగ్గరికి రాగానే కుక్కని చూసిన మనిషిలా పక్కకి తప్పుకుని తీర్థమాయ గుమ్మంలోకి పోయింది. వదిన నన్ను కేకేసింది. వెళ్లి, జరిగింది జరిగినట్టు చెప్పాను.

"ఎవరు తియ్యమన్నారు?"

"తీర్థమాయే."

"ఎవరైనా బలవంతపెట్టారా?"

"నోరెత్తితే ఒట్టు. తనంతట తనే అంది."

"మెట్లా?"

"మెట్లే."

పెనం మీద బారా మాడింది. వదిన చేతిలో బారా మాడటం నేను అంతకుముందు చూడలేదు.

"కడుపులో పిల్ల ఉండగా కూడా నిచ్చెనే ఎక్కాను కాజీ. మినుముల బుట్ట నెత్తిన పెట్టుకుని ఎక్కాను. అప్పుడు అంగుళం కదలని మెట్లు ఇప్పుడు నీళ్ల కోసం కదులుతాయా?"

"నీళ్ల కోసం కాదు వదినా. నీ పొయ్యి కోసం."

వదిన మాడిన బారా తీసి వీధిలోకి విసిరింది. పెనం మీద అట్లకాడతో ఒకటి వాయించింది. ఆ చప్పుడు నాకు కొత్త. కోపమూ కాదు, మామూలూ కాదు.

"అంటే, ఇహ చచ్చేదాకా నా పొయ్యి ఆవిడగారి దయ మీద వెలగాలన్న మాట. ప్రతి బారా తిప్పినప్పుడల్లా ఆ మహాతల్లి నిచ్చెనెక్కుతూ నా కళ్లముందు కనపడాలన్న మాట. ఆ ఇంజనీరమ్మాయిని పిలు. తిన్నగా తవ్వమను!"

అని కొట్టు దిగి, వంకర తిరిగినంత మేరా ఆ గీతని కాలితో తుడిచేసింది. పాదం సున్నంతో తెల్లగా అయింది. పూర్ణన్న అరుగు మీద నుంచి చూశాడు. ఏడాదికో మాట మాట్లాడే మనిషి, ఆ ఏటి మాట అప్పుడు అనేశాడు. "బాగుంది."

వదిన త్యాగం చేసిందని పేటలో చెప్పుకుంటారు. ఎదురుగా కూర్చున్నవాణ్ణి నేను. అది త్యాగం కాదు, రోషం. రోషం వల్ల ఇళ్లు చీలడం చూశాను గానీ, నీళ్లు రావడం చూడటం అదే మొదలు. నాకైతే త్యాగం కంటే అదే బాగా నచ్చింది.

ఎండలు ముదరకముందే గది పడగొట్టారు. పొయ్యి మాత్రం తనే తీసింది, ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు. ఇటుకలు చేతుల మీదుగా అందించుకుంటూ లోగిట్లో పేర్చాం. తీర్థమాయ పై కిటికీలోంచి చూస్తూ నిలబడింది, దిగి రాలేదు. కాలువ బాగుచేసి పైన రాతిపలకలు పరిచారు. వాటి మీద కదిలే పొయ్యి ఒకటి, పెద్ద గొడుగు ఒకటి పెట్టుకోవచ్చని పురాతన కట్టడాల వాళ్లు ఒప్పుకున్నారు. ఉపాసన వాళ్ల ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో ఆ అమ్మాయికే తెలియాలి. వదిన సంతోషించిందా అంటే, లేదు. గాలికి మంట నిలవదంది. గొడుగు రంగు దరిద్రంగా ఉందంది. వానొస్తే జల్లు పెనం మీద పడుతోందని నన్ను తిట్టింది, వాన నేనే కురిపిస్తున్నట్టు. గది పోయిన దిగులు తిట్ల మధ్యలో కనపడేది. ఒక్కోసారి లేని తలుపు వెయ్యబోయి, చెయ్యి గాల్లో ఆపేసేది.

ఆ శ్రావణంలో, కొలను నిండిన పదిరోజులకి, హిటిలో మధ్య మకరం నోట్లోంచి నీళ్లొచ్చాయి. చిన్నపిల్ల జడంత సన్నటి ధార. మిగతా రెండూ ఇప్పటికీ రాలేదు. పేటంతా మెట్ల మీద నిలబడి అరిచింది. డోళ్లు మోగాయి. వదిన మినుముల గిన్నె పట్టుకుని దిగి, "ఇంతేనా? ఈ మాత్రానికా నా కొంప కూల్చారు?" అంది. అని, గిన్నె ధార కింద పెట్టి, పొట్టు ఎప్పుడో పోయినా కడుగుతూనే కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. వాన పడుతోంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

మరుసటి ఏడాది సిఠీనఖః వచ్చింది. వానలకి ముందు మా నీళ్ల పండగ. ఆ ఒక్కరోజూ నీళ్లని కాచే నాగులు తమ కులదైవం పూజకి వెళ్తాయి. బావిలో, హిటిలో, కాలువలో మనిషి దిగినా ఏమీ అనవు. అందుకే పూడికలు తీసేది ఆ రోజే. ఆ రోజు ప్రతి ఇంట్లోనూ బారా తిని తీరాలి. అందువల్ల వదిన కొట్టుకి ఏడాది మొత్తంలో అంత గిరాకీ ఉండే రోజు మరొకటి లేదు.

ఇప్పుడు అర్థమైంది కదా? కాలువ నోరు ఉన్నది వదిన పొయ్యి కింద. పొయ్యి తియ్యకుండా పలక లేవదు. పలక లేవకుండా మనిషి దిగలేడు. దిగడానికున్నది ఆ ఒక్కరోజే. ఏడాదిన్నర పాటు అన్నన్ని మీటింగులు పెట్టుకున్నాం, అన్నన్ని బొమ్మలు గీసుకున్నాం, ఈ ముక్క ఒక్కరికీ తట్టలేదు. ఉపాసనకి తట్టలేదు, థకాలీకి తట్టలేదు, చివరికి వదినకీ తట్టలేదు. పండగనాడు పొద్దున్నే ఆవిడ బోలెడు పిండి రుబ్బుకుని వచ్చి పొయ్యి రాజేయబోతుంటే, కుర్రాళ్లు గునపాలు పట్టుకుని ఎదురుగా నిలబడి, నసుగుతూ చూశారు.

వదిన వాళ్ల వంకా, పొయ్యి వంకా చూసింది. మేము చెవులు మూసుకోవడానికి సిద్ధమయ్యాం. ఆవిడ మాత్రం పగలబడి నవ్వింది. "నాగులు సెలవు తీసుకున్న రోజే నాకూ సెలవన్న మాట! తియ్యండ్రా, తియ్యండి."

పొయ్యి పక్కన పెట్టారు. పలక లేచింది. కుర్రాళ్లు దిగి బురద తోడారు. వదిన చేతులకి పని లేదు. కొంగుకి తుడుచుకుంటుంది, మళ్లీ తుడుచుకుంటుంది. పని అయ్యాక లోగిట్లో బంతి వేశారు. థకాలీ ఆవిడ వంక చూసి, "నువ్వూ వచ్చి కూర్చో," అన్నాడు.

ఎక్కడ కూర్చోబెట్టాలో ఎవరికీ తెలియలేదు. ఎప్పుడైనా వరసలో కూర్చుంటే కదా! "కాజీ పైన," అన్నారెవరో. "వదిన కదా, నాకంటే పెద్దదే," అన్నాను. "మొగుడు పెద్దవాడు కాబట్టి వదినని అయ్యాను గానీ, నీకంటే ఎనిమిది నెలలు చిన్నదాన్ని!" అని ఒంటికాలి మీద లేచింది. ఇన్నేళ్లు నన్ను చిన్నపిల్లాణ్ణి చేసి ఆడించిన మనిషి! థకాలీ నవ్వి, ఆవిడని నా కింద, నా పక్కనే కూర్చోబెట్టాడు.

పండగ కదా, బారాలు ఎవరు వేస్తారు? మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఆ మెట్ల మీదే. తీర్థమాయ పెద్ద పళ్లెం పట్టుకుని దిగి వచ్చింది. వరస మొదటి నుంచి వడ్డిస్తూ మా దాకా వచ్చింది. వదిన ఆకులో రెండు వేసి, కదలకుండా అక్కడే నిలబడింది.

వదిన తల ఎత్తకుండా ఒక ముక్క తుంపి నోట్లో పెట్టుకుని నమిలింది.

"కారం లేదు," అంది.

ఇరవై ఏళ్లకి పైగా అయ్యాక తోడికోడలితో అన్న మొదటి మాట అది.

"ఇన్నేళ్లు కాజీ చేత కారం లేని బారాలు పంపి నాకదే అలవాటు చేసి, ఇప్పుడు కారం తెమ్మంటే ఎక్కణ్ణుంచి తేనక్కా?" అంది తీర్థమాయ.

నా గొంతులో ముక్క అడ్డం పడింది. చిన్న గిన్నె కళ్లముందు ఆడింది. తీర్థమాయ కడుపు కారానికి ఓర్వదని, ఒకే వంటింట్లో వండుకున్న రోజుల నుంచీ వదినకి తెలుసు. మూత పెట్టిన ఆ గిన్నెలో ఉన్నది అడుగుపిండి కాదు. పచ్చిమిర్చి వెయ్యకముందే తీసి పక్కన పెట్టిన పిండి. నేను దగ్గుతూ వదిన వైపు తిరిగాను.

"ఏంటి ఆ చూపు?" అంది నన్ను. "నీ పొట్టలో నాలుగు పట్టవని నాకు తెలీదనుకున్నావా?"

తర్వాత ఆకు కొంచెం ముందుకి జరిపింది.

"ఇంకోటి వెయ్యవే తీర్థా."